ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో, వాంకూవర్: ఆధారాలు చూపే పద్ధతులపై విద్యార్థుల ప్రశ్నలు

ప్రశ్న: హైదరాబాదులో ఇంజనీరింగ్ పూర్తి చేసి ప్రస్తుతం అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఈ సెమిస్టరులో ఒక ప్రొఫెసర్ రెఫరెన్సులను ఇంజనీర్ల సంస్థ అయిన ఐట్రిపుల్‌ఈ పద్ధతిలో ఇవ్వమన్నారు, మరొకరు ఏపీఏ అన్నారు, ఐచ్ఛికంగా తీసుకున్న చరిత్ర కోర్సులో షికాగో పద్ధతి తప్పనిసరి అన్నారు. చెప్పేది ఒకటే అయినప్పుడు అందరికీ ఒకే పద్ధతి ఎందుకు లేదు? వీటిలో ఏది సరైనది? (ఒక విద్యార్థి, డాలస్)

సమాధానం: ఏది సరైనదన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. మీ పేపరు దిద్దేవారు ఏది అడిగితే ఆ కోర్సు వరకు అదే సరైనది. సిలబస్‌లో రాసి లేకపోతే మొదటి వారంలోనే అడిగి తెలుసుకోవాలి. అందరికీ ఒకే పద్ధతి ఎందుకు లేదన్నది మాత్రం నిదానంగా ఆలోచించదగిన ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే నియమాలను కంఠస్థం చేసే శ్రమ చాలావరకు తప్పుతుంది.

ఒక ఆధారాన్ని చూడగానే పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న ఒక్కో శాస్త్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. మనస్తత్వశాస్త్రంలో, విద్యాశాస్త్రంలో, సామాజిక శాస్త్రాలలో పరిశోధన ఫలితాలు తొందరగా పాతబడతాయి కనుక 'ఇది ఎప్పటి అధ్యయనం?' అన్నది ముందుకు వస్తుంది. అందుకే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ పద్ధతిలో రచయిత పేరును అంటిపెట్టుకుని సంవత్సరం ఉంటుంది. సాహిత్య విమర్శలో మూలంలోని మాటే సాక్ష్యం. విమర్శకుడు ఎత్తి చూపిన వాక్యం నిజంగా అక్కడ అలాగే ఉందా, దాని వెనకా ముందూ ఏముంది అని పాఠకుడు తెరిచి చూడాలనుకుంటాడు. కనుక మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి ఎంఎల్ఏ పద్ధతి వాక్యం చివర పేరును, పుట సంఖ్యను మాత్రమే ఇచ్చి, సంవత్సరాన్ని చివరి జాబితాకు వదిలేస్తుంది. చరిత్రకారుడి సంగతి వేరు. ఏ ఆర్కైవ్‌లో, ఏ ఫైలులో, ఎవరు ఎవరికి ఏ తేదీన రాసిన ఉత్తరమో చెప్పాలి, అవసరమైతే ఆ ఉత్తరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఒక మాట రాయాలి. ఇదంతా బ్రాకెట్లలో ఇమడదు. అందువల్ల చరిత్రకారులు పుట అడుగున పాదసూచికను వదులుకోలేదు. వైద్యులకూ ఇంజనీర్లకూ ఒకే వాక్యానికి ఐదారు ఆధారాలు చూపవలసి వస్తుంది. అన్ని పేర్లనూ సంవత్సరాలనూ వాక్యం మధ్యలో కుక్కితే చెప్పదలచిన విషయం కనిపించకుండా పోతుంది కనుక వారు ఒక అంకె వేసి ముందుకు సాగుతారు.

ఈ పద్ధతులు పుట్టిన కాలాలు కూడా వేరు వేరు. వాక్యంలోనే బ్రాకెట్లలో పేరు, సంవత్సరం ఇచ్చే ఆచారాన్ని హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో పెంకు లేని నత్త మీద ప్రచురించిన వ్యాసంతో ముడిపెడతారు. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం తన మాన్యువల్‌ను 1906లో తెచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2024లో వచ్చిన 18వ కూర్పు. అదే విశ్వవిద్యాలయంలో సిద్ధాంత వ్యాసాలను పరిశీలించే ఉద్యోగంలో ఉన్న కేట్ టురాబియన్ 1937లో విద్యార్థుల కోసం దానిని కుదించి రాశారు. మీ చరిత్ర ప్రొఫెసర్ 'టురాబియన్' అంటే కంగారు పడవద్దు, అది షికాగో పద్ధతికి విద్యార్థి రూపమే. ఏపీఏ 1929లో ఒక పత్రికలో ఏడు పుటల సూచనలుగా మొదలై, 2019లో వచ్చిన ఏడవ కూర్పు నాటికి నాలుగు వందల పుటలు దాటింది. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు కనుక వారి పద్ధతికి ఆ ఊరి పేరు వచ్చింది. ఎంఎల్ఏ తొమ్మిదవ కూర్పు 2021 నాటిది. మీ చేతిలోని గైడు ఏ కూర్పును అనుసరించిందో చూసుకోండి. ఉదాహరణకు, పుస్తకం ఏ ఊరిలో అచ్చయిందో రాయమని ఏపీఏ ఆరవ కూర్పు చెప్పింది, ఏడవ కూర్పు ఆ నియమాన్ని తీసేసింది.

ఇక తేడాలను ఒకే ఆధారం మీద చూద్దాం. భీమవరంలో పుట్టి, హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ పరిమాణాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రం చదివినవారికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పరిచయమైన ఆ వ్యాసం జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375వ పుట నుంచి 400వ పుట వరకు ఉంది. మీరు ఇంగ్లీషులో రాయవలసినదాన్ని ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాను. కామాలను, చుక్కలను, బ్రాకెట్లను గమనించండి.

ఏపీఏలో వాక్యం చివర (ఫిస్క్ & సుబ్బారావు, 1925) అని ఉంటుంది. చివరి జాబితాలో ఇలా:

ఫిస్క్, సి. హెచ్., & సుబ్బారావు, వై. (1925). ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66, 375–400.

సంవత్సరం పేర్ల వెంటనే బ్రాకెట్లలో కూర్చుంది. వ్యాసం పేరుకు కొటేషన్ గుర్తులు లేవు. పత్రిక పేరు, సంపుటి సంఖ్య మాత్రం ఇటాలిక్స్‌లో ఉండాలి. రచయితల సొంత పేర్లకు పొడి అక్షరాలే ఇస్తారు. మాటలను యథాతథంగా ఉటంకిస్తే సంవత్సరం తరవాత పుట సంఖ్య కూడా చేర్చాలి, ఇది చాలామంది మరిచిపోయే నియమం.

ఎంఎల్ఏలో వాక్యం చివర (ఫిస్క్ అండ్ సుబ్బారావు 378) అని, పేరుకూ పుటకూ మధ్య కామా కూడా లేకుండా రాస్తారు. జాబితాలో:

ఫిస్క్, సైరస్ హెచ్., అండ్ యల్లాప్రగడ సుబ్బారావు. "ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్." జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, వాల్యూమ్ 66, 1925, పీపీ. 375–400.

ఇక్కడ పూర్తి పేర్లు వచ్చాయి, మొదటి రచయిత పేరు మాత్రమే తిరగబడింది, సంవత్సరం వెనక్కి పోయింది. 

షికాగో పాదసూచికలో ఎవరి పేరూ తిరగబడదు, చదివినట్టే రాస్తారు:

1. సైరస్ హెచ్. ఫిస్క్ అండ్ యల్లాప్రగడ సుబ్బారావు, "ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్," జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66 (1925): 378.

రెండోసారి అదే వ్యాసాన్ని ప్రస్తావిస్తే ఇంటిపేర్లు, కుదించిన శీర్షిక, పుట సంఖ్య చాలు. అయితే షికాగోలో పేరు–సంవత్సరం ఇచ్చే రెండో విధానం కూడా ఉంది, దాన్ని విజ్ఞానశాస్త్రాలవారు ఎక్కువగా వాడతారు. కనుక 'షికాగో' అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, పాదసూచికలా లేక బ్రాకెట్లా అని అడగండి.

మీ సొంత విభాగంలోని ఐట్రిపుల్‌ఈ పద్ధతిలో వాక్యంలో [1] అని చదరపు బ్రాకెట్లలో అంకె వేసి, జాబితాలో ఇలా రాయాలి:

[1] సి. హెచ్. ఫిస్క్ అండ్ వై. సుబ్బారావు, "ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్," జె. బయోల్. కెమ్., వాల్యూమ్ 66, పీపీ. 375–400, 1925.

పొడి అక్షరాలు ముందుకు వచ్చాయి, పత్రిక పేరు సంక్షిప్తమైంది, సంవత్సరం చిట్టచివరకు చేరింది. జాబితా అక్షరక్రమంలో కాక, పేపరులో మొదట ప్రస్తావించిన క్రమంలో ఉంటుంది.

ఈ నాలుగింటిలోనూ ఉన్న సమాచారం దాదాపు ఒకటే. కనుక చదివేటప్పుడే రచయితల పూర్తి పేర్లు, సంవత్సరం, శీర్షిక, పత్రిక పేరు, సంపుటి, సంచిక, పుటలు, డీఓఐ (వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో గుర్తించే శాశ్వత సంఖ్య) ఉంటే అది కూడా ఒకచోట రాసిపెట్టుకోండి. ఏ ప్రొఫెసర్ ఏది అడిగినా పావుగంట పనే అవుతుంది. పేపరు సమర్పించే ముందు రాత్రి పుట సంఖ్య కోసం లైబ్రరీకి పరుగెత్తే పరిస్థితి అలా రాసి పెట్టుకోనివారికే వస్తుంది.

ఎవరైనా 'హార్వర్డ్ పద్ధతి' అంటే మాత్రం కొంచెం జాగ్రత్త. పేరు హార్వర్డ్‌దే అయినా దానికి ఆ విశ్వవిద్యాలయం తరఫున అధికారిక మాన్యువల్ ఏదీ లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటీ తమ తమ రూపాన్ని అమలు చేస్తున్నాయి కనుక, మీరు చదివే విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇచ్చిన గైడునే ప్రమాణంగా తీసుకోవాలి.

ప్రశ్న: తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంగ్లీషు మాన్యువళ్ళు ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెట్టమంటాయి. మా విభాగంలో ఒకరు 'అప్పారావు, గురజాడ' అని రాయమంటే, మరొకరు అది తప్పంటారు. పద్యాలకూ పునర్ముద్రణలకూ ఏ పుట సంఖ్య ఇవ్వాలో కూడా తెలియడం లేదు. జానపద గాయకులతో నేను చేసిన ఇంటర్వ్యూలను జాబితాలో చేర్చవచ్చా? (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

సమాధానం: పాశ్చాత్యుల పేర్లలో కుటుంబ నామం చివర ఉంటుంది. జాబితాను కుటుంబ నామం ప్రకారం పేర్చాలి కనుక దాన్ని ముందుకు లాగి, పేరు తిరగబడిందని తెలియడానికి కామా పెడతారు. మన పేరులో ఇంటిపేరు ముందే ఉన్నప్పుడు లాగడానికి ఏమీ మిగలలేదు. కనుక తెలుగు సిద్ధాంత వ్యాసంలో 'గురజాడ అప్పారావు' అని కామా లేకుండా రాసి 'గ' కింద చేర్చడమే సమంజసం. చైనీయుల పేర్ల వంటి ఇంటిపేరు ముందుండే పేర్లకు ఎంఎల్ఏ, షికాగో మాన్యువళ్ళు కూడా కామా అవసరం లేదనే చెబుతాయి. 'అప్పారావు, గురజాడ' అన్నది నియమంలోని ఉద్దేశాన్ని వదిలి రూపాన్ని మాత్రమే పట్టుకోవడం.

ఇంగ్లీషులో రాసేటప్పుడు చిక్కు ఎక్కువ. పై సమాధానంలోని సుబ్బారావు గారినే చూడండి: యల్లాప్రగడ అన్నది వారి ఇంటిపేరు, కానీ శాస్త్ర పత్రికలన్నింటిలోనూ సుబ్బారావు అన్న సొంత పేరే కుటుంబ నామం స్థానంలో నిలిచి, ఇంటిపేరు 'వై' అనే పొడి అక్షరంగా మిగిలింది. దాన్ని ఇప్పుడు మనం సరిదిద్దబోతే గ్రంథాలయ సూచికల్లో ఆ వ్యాసం ఎవరికీ దొరకదు. కాబట్టి రచయిత తన పేరును ప్రచురణలో ఎలా ఇచ్చుకున్నారో అలాగే అనుసరించడం, ఒకే రచయితను వ్యాసమంతటా ఒకే విధంగా పేర్కొనడం మంచిది. పొడి అక్షరాలతో మాత్రమే తెలిసినవారిని పొడి అక్షరం కింద కాక పేరు కింద చేర్చండి. శ్రీశ్రీ వంటి కలం పేర్లతో ప్రసిద్ధులైనవారిని కలం పేరు కిందే చేర్చి, అవసరమనుకుంటే శ్రీరంగం శ్రీనివాసరావు అన్న అసలు పేరును చదరపు బ్రాకెట్లలో ఇవ్వవచ్చు. పాఠకుడు వెతికేది 'శ్రీశ్రీ' అనే కదా. మీ సొంత వ్యాసాలను ఇంగ్లీషు పత్రికలకు పంపేటప్పుడు మొదటిసారే ఒక రూపాన్ని నిర్ణయించుకుని, జీవితాంతం దాన్ని మార్చకుండా ఉండటం మేలు.

కూర్పుల విషయంలో గురజాడ నాటకమే మంచి ఉదాహరణ. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, బాగా పెంచి తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వచ్చాయి; రెండూ దాదాపు రెండు వేరు నాటకాలు. మీరు చదివింది ఇటీవలి పునర్ముద్రణ అయి, దాని సంవత్సరం మాత్రమే ఇస్తే ఏ పాఠం గురించి మాట్లాడుతున్నారో పాఠకుడికి అర్థం కాదు. మూల సంవత్సరాన్నీ పునర్ముద్రణ సంవత్సరాన్నీ రెండింటినీ ఇవ్వాలి. ఏపీఏలో దీనికి మధ్యలో వాలు గీత (/) పెట్టి, మూల సంవత్సరం ముందు, మీ చేతిలోని ప్రతి అచ్చయిన సంవత్సరం తరవాత రాసే ఏర్పాటు ఉంది. పుట సంఖ్య మాత్రం మీ చేతిలో ఉన్న ప్రతిదే ఇవ్వాలి, చూడని ప్రతిది ఎన్నడూ ఇవ్వకూడదు. నాటకానికి పుట సంఖ్యతో పాటు అంకాన్ని, స్థలాన్ని కూడా ఇస్తే వేరే ముద్రణ ఉన్నవారికి సైతం ఉపయోగం.

పద్యాల విషయంలో మనకు ఏ మాన్యువలూ నేర్పనక్కరలేని పాత ఆచారం ఉంది. 'సారమతిం గవీంద్రులు' అన్న నన్నయ పద్యానికి 'ఆది. 1-26' అని రాస్తే ఆదిపర్వం, ప్రథమాశ్వాసం, ఇరవై ఆరవ పద్యం అని తెలుగు చదువుకున్న ప్రతివారికీ తెలుస్తుంది. వావిళ్ళ ప్రతి అయినా మరో ప్రతి అయినా పుటలు మారతాయి కానీ ఈ సంఖ్య సాధారణంగా మారదు. ఎంఎల్ఏ కూడా పాత నాటకాలకూ కావ్యాలకూ పుట కన్నా అంకం, రంగం, పంక్తి సంఖ్యలనే కోరుతుంది. పాఠాంతరాలు ఉన్నచోట ఏ పరిష్కరణను అనుసరించారో ఒక్కసారి చెబితే సరిపోతుంది.

మన సిద్ధాంత వ్యాసాల్లో కనిపించే మరొక అలవాటు గురించి హెచ్చరించాలి. పాదసూచికల్లో 'పైదే', 'పైదే, పు. 42' అని వరసగా రాసుకుపోతాం. పర్యవేక్షకులు మధ్యలో ఒక పేరా చేర్చమంటారు, ఆ పేరాతో పాటు కొత్త పాదసూచిక దూరుతుంది, దాని కిందున్న 'పైదే'లన్నీ ఒక్కసారిగా వేరే పుస్తకాన్ని చూపడం మొదలుపెడతాయి. షికాగో మాన్యువల్ 2017 నాటి 17వ కూర్పు నుంచి దీనికి సమానమైన 'ఐబిడ్'ను ప్రోత్సహించడం మానేసి, రచయిత పేరు, కుదించిన శీర్షిక, పుట ఇవ్వమంటోంది. తెలుగులోనూ 'గురజాడ, కన్యాశుల్కం, పు. 42' అని ప్రతిసారీ రాయడమే క్షేమం. నా మాట వింటే, చివరి ప్రతి సిద్ధమయ్యే దాకా 'పైదే' అన్న మాటను మీ వ్యాసంలోకి రానివ్వకండి.

ఇంటర్వ్యూల సంగతి పద్ధతిని బట్టి మారుతుంది. మరొకరు తెరిచి చూడలేని సంభాషణలను, ఉత్తరాలను ఏపీఏ వ్యక్తిగత సంభాషణలుగా భావించి చివరి జాబితాలో చేర్చనివ్వదు, వాక్యంలోనే పేరు, తేదీ ఇస్తే చాలంటుంది. ఎంఎల్ఏ జాబితాలో చేర్చమంటుంది. జానపద పరిశోధనలో గాయకులే మీ మూలాధారం కనుక, మీ విభాగం అభ్యంతరం చెప్పకపోతే వారి అనుమతితో పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ ఉన్న ఒక వేరు అనుబంధాన్ని తప్పక ఇవ్వండి. అలాగే, ఏపీఏ రెఫరెన్సులు, ఎంఎల్ఏ వర్క్స్ సైటెడ్ జాబితాల్లో మీరు వ్యాసంలో ప్రస్తావించినవే ఉండాలి. మన 'ఉపయుక్త గ్రంథసూచి'లో చదివి ఉపయోగించుకున్నవన్నీ చేర్చే ఆచారం ఉంది. ఏ శీర్షిక పెట్టారో దానికి తగినట్టు జాబితా ఉండాలి. చూడని పుస్తకాన్ని బరువు కోసం చేర్చడం ఏ శీర్షిక కిందా కుదరదు.

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. కోర్టు తీర్పులకు ఒకే కేసుకు రెండు మూడు రకాల సంఖ్యలు కనిపిస్తున్నాయి. ఏది రాయాలి? (విద్యార్థి, విశాఖపట్నం)

సమాధానం: అవి ఆ తీర్పును అచ్చువేసిన వేరు వేరు తీర్పుల సంపుటాల చిరునామాలు. కేశవానంద భారతి కేసును 'ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461' అంటే ఆలిండియా రిపోర్టర్ 1973 సుప్రీంకోర్టు భాగంలో 1461వ పుట; '(1973) 4 ఎస్‌సీసీ 225' అంటే సుప్రీంకోర్టు కేసెస్ 1973లోని నాలుగవ సంపుటంలో 225వ పుట. మీరు చదివిన సంపుటానిదే ఇవ్వండి, రెండూ చూసి ఉంటే రెండూ ఇవ్వవచ్చు. ప్రైవేటు ప్రచురణకర్తల సంపుటాలతో సంబంధం లేకుండా సుప్రీంకోర్టు 2023 నుంచి సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ అన్న అక్షరాలు, వరస సంఖ్యతో తటస్థ ఉల్లేఖన సంఖ్యను తానే ఇస్తోంది. కొత్త తీర్పులకు దాన్ని ముందు రాయడం మంచిది. ఒక ప్రత్యేక వాదాన్ని తీర్పులో చూపించాలంటే పుట కన్నా పేరా సంఖ్య ఉపయోగకరం. ఇక వ్యాసాలకు అమెరికా బ్లూబుక్ కావాలా, ఆక్స్‌ఫర్డ్ వారి ఆస్కోలా కావాలా, ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ నియమాలు కావాలా అన్నది మీ కళాశాల లేదా మీరు పంపే పత్రిక చెప్పాలి.

ప్రశ్న: ఎం.ఎస్సీ. నర్సింగ్ డిసర్టేషన్ రాస్తున్నాను, వాంకూవర్ పద్ధతి. మధ్యలో ఒక కొత్త రెఫరెన్సు చేరిస్తే కింది అంకెలన్నీ చేత్తో మార్చవలసి వస్తోంది. మార్గం ఉందా? (విద్యార్థిని, నెల్లూరు)

సమాధానం: అంకెలను చేత్తో వేయడం ఈ రోజే ఆపండి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైంది. వర్డ్‌తో కలిసి పనిచేస్తుంది. మీరు రెఫరెన్సును చేర్చిన ప్రతిసారీ అంకెలను, జాబితాను అదే సరిచేస్తుంది, పద్ధతిని మార్చమంటే వ్యాసం మొత్తాన్ని ఒకేసారి మారుస్తుంది. ఎల్సెవియర్ సంస్థ చేతిలో ఉన్న మెండలే కూడా ఇదే పని చేస్తుంది.

అయితే యంత్రం మీరిచ్చిన సమాచారాన్ని పేర్చుతుందే తప్ప సరిచూడదు. వైద్య వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్ నుంచి తెచ్చుకున్న వివరాలు సాధారణంగా బాగుంటాయి. ఇతర వెబ్‌సైట్ల నుంచి తెచ్చుకుంటే శీర్షిక అంతా పెద్ద అక్షరాల్లో రావడం, రచయిత పేరు చోట సంస్థ పేరు రావడం, మన పేర్లలో ఇంటిపేరూ సొంత పేరూ తారుమారు కావడం మామూలే. తారుమారైన పేరును జొటేరోలో రెండు గడులకు బదులు ఒకే గడిలో రాసే వీలుంది. సమర్పించే ముందు జాబితాను కాగితం మీద అచ్చువేసుకుని ఒక్కొక్క వరసా చదవండి.

వాంకూవర్ చుక్కలు కామాల విషయంలో పొదుపరి. ఇంటిపేరుకూ పొడి అక్షరాలకూ మధ్య కామా ఉండదు, పొడి అక్షరాల తరవాత చుక్క ఉండదు: 'ఫిస్క్ సీహెచ్, సుబ్బారావు వై.' సంవత్సరం, సంపుటి, పుటలు '1925;66:375–400' అని ఖాళీలు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఆరుగురి కన్నా ఎక్కువమంది రచయితలుంటే మొదటి ఆరుగురి పేర్లు రాసి 'ఎట్ ఆల్' (మరికొందరు) అనడం ఎక్కువ వైద్య పత్రికల ఆచారం. ఏపీఏకు అలవాటు పడినవారు వాక్యంలో ముగ్గురు రచయితలకే 'ఎట్ ఆల్' రాస్తారు కనుక ఈ రెండింటినీ కలిపేయకండి. ఒకసారి 4 అన్న అంకె ఇచ్చిన ఆధారాన్ని తరవాత ఎన్నిసార్లు ప్రస్తావించినా అదే 4 వేయాలి, కొత్త అంకె ఇవ్వకూడదు.

ప్రశ్న: నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసానికి సాఫ్ట్‌వేర్ పరీక్షలో 18 శాతం పోలిక వచ్చింది. ప్రతి పేరా చివరా రెఫరెన్సు ఇచ్చాను. అయినా ఇది కాపీ అవుతుందా? (పరిశోధక విద్యార్థి, వరంగల్)

సమాధానం: మొదట నిబంధన సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నియమావళి ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే చర్య లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్ళీ సమర్పించాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఒక ఏడాది పాటు సమర్పించే అవకాశం ఉండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపి చేసిన ఉటంకింపులు, రెఫరెన్సు జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠాలు, ప్రామాణిక సూత్రాలు లెక్కలోకి రాకూడదని కూడా ఆ నియమావళిలోనే ఉంది. కనుక మీ 18 శాతంలో వీటిని మినహాయించారో లేదో ముందు గ్రంథాలయంలో కనుక్కోండి. మినహాయించకుండా వచ్చిన అంకె అయితే ఆందోళన అక్కరలేకపోవచ్చు.

మినహాయించాక కూడా అదే అంకె వస్తే, కారణం మీ ప్రశ్నలోనే ఉందనిపిస్తోంది. పేరా చివర రెఫరెన్సు ఇచ్చినంత మాత్రాన ఆ పేరాలోని వాక్యాలు మీవి కావు. 'ఈ అభిప్రాయం ఫలానా వారిది' అని మాత్రమే అది చెబుతుంది. 'ఈ మాటలు కూడా వారివే' అని చెప్పేవి కొటేషన్ గుర్తులు. అవి లేకుండా ఎదుటివారి వాక్యాలను ఎత్తి రాసి, చివర బ్రాకెట్ పెడితే పాఠకుడు ఆ వాక్యనిర్మాణం మీదేననుకుంటాడు. రెండు మాటలు అటూ ఇటూ మార్చి, పర్యాయపదాలు చేర్చినా ఇదే దోషం. యథాతథంగా కావలసినంత మేరకు కొటేషన్లలో పెట్టండి. పెద్దదైతే, ఏపీఏలో 40 మాటలు గానీ అంతకు మించి గానీ ఉంటే, కొటేషన్ గుర్తులు లేకుండా లోపలికి జరిపి వేరు పేరాగా ఇవ్వండి. మిగతా విషయాన్ని మూలం మూసేసి, మీకు అర్థమైనంతవరకు మీ వాక్యాల్లో రాసి, తరవాత మూలంతో సరిపోల్చి తప్పులు దిద్దుకోండి. అలా రాయలేకపోతున్నామంటే ఆ భాగం ఇంకా అర్థం కాలేదని గ్రహించి మళ్ళీ చదవాలి.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే నా అంశం మీద పది రెఫరెన్సులు ఏపీఏ పద్ధతిలో చక్కగా ఇచ్చింది. వాటిని వాడుకోవచ్చా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

సమాధానం: ఒక్కొక్కదాన్నీ తెరిచి చదివిన తరవాతే. రెఫరెన్సు ఏ ఆకారంలో ఉంటుందో చాట్‌బాట్‌కు బాగా తెలుసు కనుక, లేని వ్యాసానికి కూడా కామాలతో సహా దోషం లేని రెఫరెన్సును కల్పించగలదు. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, ఒక విమానయాన సంస్థపై దావాలో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఉదహరించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఆ తీర్పుల పేర్లూ సంఖ్యలూ చూడటానికి అచ్చం నిజమైనవాటిలాగే ఉన్నాయి.

సరిచూడటం కష్టం కాదు. డీఓఐ ఉంటే దాన్ని డీఓఐ డాట్ ఓఆర్‌జీ అన్న చిరునామా తరవాత అతికించి తెరవండి. అదే శీర్షిక, అదే రచయితలు కనిపించాలి. డీఓఐ లేకపోతే పత్రిక వెబ్‌సైటులో ఆ సంపుటిని తెరిచి, చెప్పిన పుటల్లో ఏముందో చూడండి. ఒక్కోసారి రచయితా పత్రికా నిజమైనవే అయి, వ్యాసం మాత్రం కల్పితమై ఉంటుంది. వ్యాసం దొరికినా, మీరు చెప్పదలచిన మాటను అది నిజంగా చెబుతోందో లేదో చదివితే గానీ తెలియదు. చాట్‌బాట్ ఇచ్చిన మాటలనే మీ పేపరులో వాడితే ఆ సంగతి చెప్పాలి. ఏపీఏ వారు 2023లో ఇచ్చిన సూచన ప్రకారం చాట్‌జీపీటీకి రచయిత స్థానంలో దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ పేరు ఉంటుంది. అసలు వాడటానికి మీ అధ్యాపకులు అనుమతిస్తారా అన్నది అంతకన్నా ముందు అడగవలసిన విషయం.

ప్రశ్న: వెబ్ పేజీకి రచయిత పేరూ తేదీ లేకపోతే ఎలా? (విద్యార్థిని, రాజమహేంద్రవరం)

సమాధానం: రచయిత లేకపోతే ఆ పేజీని ప్రచురించిన సంస్థనే రచయితగా చూపవచ్చు, సంస్థ కూడా తెలియకపోతే శీర్షికతో మొదలుపెట్టాలి. తేదీ లేనప్పుడు ఏపీఏలో సంవత్సరం స్థానంలో 'తేదీ లేదు' అన్న అర్థం వచ్చే ఎన్. డి. అన్న అక్షరాలు వేస్తారు. తరచూ మారిపోయే పేజీ అయితే మీరు చూసిన తేదీని కూడా ఇవ్వండి, వీలుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాని ప్రతిని భద్రపరిచి ఆ లింకును ఇవ్వండి. రచయిత, సంస్థ, తేదీ మూడూ లేని పేజీని మాత్రం ఆధారంగా తీసుకోకుండా, అందులోని విషయం మరెక్కడైనా బాధ్యత గల పేరుతో ఉందేమో వెతకండి.